తెలుగులో పేరు లేని నార

వాసన

మా ల్యాబ్‌లో కొత్తగా చేరే పిల్లలు మొదటి వారంలో అడిగేది జీతం గురించీ కాదు, సెలవుల గురించీ కాదు. "మేడమ్, ఈ వాసన ఎప్పటికి పోతుంది?" అని అడుగుతారు. పోదు నాయనా. ముక్కు అలవాటు పడుతుంది తప్ప వాసన పోదు. చీరకి పడుతుంది, జడకి పడుతుంది, టిఫిన్ డబ్బా మూతకి పడుతుంది. నేను బస్సెక్కితే పక్క సీటు దానంతట అదే ఖాళీ అయ్యేది. అప్పట్లో మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు చేసి, చెవుల్లో కూడా మసితో ఇంటికొచ్చి, "ముందు నువ్వు స్నానం చెయ్యవే తల్లీ" అనేవాడు.

ఆ వాసన గంజాయిది. విశాఖ పైన ఏజెన్సీ కొండల నుంచి పట్టుబడ్డ సరుకులో నమూనాలు తీసి, గుడ్డ సంచుల్లో కుట్టి, ఎర్ర లక్కతో సీలు వేసి మా ప్రభుత్వ ల్యాబ్‌కి పంపిస్తారు. సీలు చూసి, సంచి విప్పి, లోపల ఉన్నది గంజాయి అవునో కాదో రాయడం నా ఉద్యోగం. నా జీవితమంతా ఒక్క మొక్కతోనే గడిచిందంటే నమ్మండి. అదీ ఎండి, నలిగి, ఇటుకలా అదిమి కట్టిన మొక్కతో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బతికున్న మొక్కని నేను చూసిందే లేదు.

ఇది రాయమని మా ల్యాబ్ పిల్లలే అడిగారు. ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికి కావాలి? వాటిని వదిలేస్తున్నాను. ఒక తాడు సంగతి చెబుతాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాంట్లోనే ఉంది.

ఐదు వేళ్ల ఆకు

దానికి ముందు గోగాకు, అదే మీ గోంగూర, సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

నేను చేరిన కొత్తలో ఒక గుడ్డ సంచి వచ్చింది. పంపిన అధికారి వేరే ప్రాంతం నుంచి అప్పుడే బదిలీ మీద వచ్చాడట. చెక్‌పోస్టు దగ్గర ఒక రైతు ఎడ్లబండిలో పచ్చి మొక్కలు కట్టలు కట్టుకుని పోతుంటే ఆపాడు. ఆకు చూస్తే ఐదు వేళ్లు, అంచులు రంపంలా ఉన్నాయి. ఇంకేం, గంజాయే అని రాసి పంపాడు. సంచి విప్పగానే మా అటెండరు సింహాచలం పగలబడి నవ్వాడు.

"ఓలమ్మో, ఇది గోగండి మేడమ్! ఏటి, మనల్ని పచ్చడి సేసుకోమని పంపినారేటి?"

ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడూ ఆ పొరపాటు చేయడు. గోగునార కోసం చేలకి చేలు వేస్తారిక్కడ. అయినా నవ్వేసి ఊరుకుంటే కుదరదు కదా, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గంజాయి ఆకు మీద ఎలుగుబంటి గోరులా వంగిన సన్నని నూగు ఉంటుంది. దీనికి లేదు. కాదని రాసి పంపాను. ఆ రైతు మర్నాడే బయటపడ్డాడు.

ఆ సాయంత్రం కుతూహలం కొద్దీ గోగు శాస్త్రీయ నామం వెతికాను. దాని అర్థం చూసి నోరు వెళ్లబెట్టాను. గంజాయిని పోలినది అని అర్థమట! ఎక్కడో దేశం కాని దేశంలో కూర్చుని దీనికి పేరు పెట్టినవాడికీ, మన చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ అధికారికీ ఒకటే అనిపించిందన్నమాట. ఇంకో విడ్డూరం, మన గోగునారకి ఇంగ్లీషులో ఉన్న పేరు భీమిలి జ్యూట్. ఒకప్పుడు భీమునిపట్నం రేవు నుంచి ఓడల్లో బయటి దేశాలకి పోయేది కాబట్టి ఆ ఊరి పేరే దానికి అతుక్కుపోయింది. నేనేమో భీమిలి అంటే చేపలూ, ఇసుకా, విశాఖ బస్సూ అనుకునేదాన్ని. ఒక నారకి పేరు పెట్టేంత ఊరని నాకేం తెలుసు!

మా పెద్దాయన

మా డైరెక్టరుగారిని ఆఫీసులో అందరం పెద్దాయన అనేవాళ్లం. ఆయనా మా నాన్నలాగే కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయనే. మా నాన్న పోర్టు ఉద్యోగానికి వచ్చాడు, ఈయన ల్యాబ్‌కి. మడత నలగని తెల్ల చొక్కా వేసుకునేవాడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆయన నాకు రెండు సంగతులు నేర్పాడు.

ఒకటి, "అడిగినదానికి జవాబు రాయమ్మా. అడగనిదానికి రాస్తే అది రిపోర్టు కాదు, కథ."

రెండోది, ముద్దాయి తాలూకు మనుషుల్ని చూడకూడదు. చూస్తే జాలేస్తుంది, లేకపోతే అసహ్యం వేస్తుంది. రెండూ మైక్రోస్కోపుకి పనికిరావు. ఇది మీరూ రాసి పెట్టుకోండి.

ఆయన లోపం కూడా చెప్పేస్తాను, మొహమాటం దేనికి? పేపరు వాళ్లంటే ఆయనకి వణుకు. "గంజాయిని వదిలేసిన ల్యాబ్" అని ఎక్కడ రాస్తారోనని రోజూ పొద్దున్నే పేపరు వెనకనుంచి ముందుకి చదివేవాడు. అందుకని ఏ రిపోర్టులోనైనా సందేహం ఉంటే గట్టి మాట వాడమనేవాడు. గట్టి మాట అంటే ఏమిటో తెలుసుగా, మనిషిని లోపల ఉంచే మాట.

గంజాయి నార

ఇక అసలు సంగతి. ఉత్తరాదిన కొండ రాష్ట్రాల్లో గంజాయి జాతిలోనే మత్తు దాదాపు లేని రకాన్ని నార కోసం, గింజ కోసం లైసెన్సు మీద పండించుకోనిచ్చారని మేం అప్పటికి పేపర్లో చదివాం. చదివి, మనదాకా ఎప్పుడొస్తుందిలే అని పక్కన పడేశాం. అది మాకు తెలిసేలోపే విశాఖ ఆటోనగర్ దాకా వచ్చేసింది.

భీమిలి ఒడ్డున నూకరత్నం అని ఒక అమ్మాయి ఉంది. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. డిప్లమో చదివి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేసేది. ఆ పిల్లకి తాళ్ల పిచ్చి. నైలాన్ తాళ్లూ వలలూ సముద్రంలో తెగిపోతే ఎప్పటికీ కుళ్లవు, అవి అడుగున పడి ఉండి చేపల్నీ తాబేళ్లనీ చంపుతూనే ఉంటాయి. వాళ్ల ఒడ్డుకే ఒక తాబేలు మెడకి తాడు బిగుసుకుని కొట్టుకొచ్చిందట. అప్పట్నించీ కుళ్లిపోయే తాడు పేనాలని ఈ పిల్ల పట్టు. కొండ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న రైతుల దగ్గర్నుంచి నార తెప్పించింది. పార్సిల్ ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వచ్చిన రోజు ఈమె డ్యూటీలో ఉంది. వాళ్ల నాన్న ఎర్రయ్యని వెళ్లి తెమ్మంది.

ఎర్రయ్యకి ఆ తాడంటే ఒక్క పిసరు నమ్మకం లేదు. "నైలాన్ తాడుండగా ఈ గడ్డెందుకే" అని తిట్టుకుంటూనే ఆటో కట్టించుకుని వెళ్లాడట. బస్తాల మీద ఆ నార ఇంగ్లీషు పేరు, హెంప్ అని పెద్ద అక్షరాలు. దారిలో తనిఖీ చేస్తున్న బృందం ఆపింది. వాళ్లలో ఒకాయన ఆ మాటని ఫోన్‌లో కొట్టాడు. ఐదు వేళ్ల ఆకు బొమ్మ వచ్చింది. అంతే, ఎర్రయ్యని దించేశారు.

అక్కడ పంచనామా రాసినాయన బస్తాల్లో ఉన్నదానికి తెలుగులో ఒక మాట రాయాలి. చేతికి నార కనిపిస్తోంది, ఫోన్‌లో గంజాయి కనిపిస్తోంది. రెండూ కలిపి "గంజాయి నార" అని రాశాడు. చట్టంలో అలాంటి వస్తువే లేదు. కానీ చదివినవాళ్లందరి కళ్లూ మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి. బస్తాలు బరువైనవి కావడంతో కేసూ బరువైపోయింది. అంత బరువు సరుకైతే బెయిలు కూడా ఓ పట్టాన రాదు. ఎర్రయ్య సెంట్రల్ జైలుకి వెళ్లాడు. వాళ్ల పడవ ఒడ్డున బోర్లా పడింది.

ఈసారి నమూనాలు కాదు, బస్తాలు మొత్తం మా ల్యాబ్‌కి వచ్చాయి. వాటి వెనకాలే గేటు దగ్గరికి నూకరత్నం వచ్చింది. నేను మధ్యాహ్నం బయటికి వెళ్తుంటే ఎదురొచ్చింది.

"మేడమ్, ఒక్క మాటండి. మా అయ్యకేటీ తెల్దండి. నానే పంపినాను. నన్ను లోపలెట్టమనండి, ఆయన్ని ఒగ్గెయ్యమనండి."

నేను ఆగలేదు. "ఇక్కడికి రాకమ్మా, నీకే మంచిది కాదు" అని నడిచి వెళ్లిపోయాను. వెనకనుంచి ఆ పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. అన్నం సయించలేదు ఆ పూట. కానీ ఆగి ఉంటే నా రిపోర్టుకి విలువ పోయేది. ఇప్పటికీ అదే అంటాను, గేటు దగ్గర ఆగకండి.

తడి నార తిరిగింది

బస్తా విప్పాం. వాసన లేదు!

సింహాచలం ముక్కు దాదాపు బస్తాలో దూర్చేశాడు. "ఏటి మేడమ్ ఇది, ఎండుగడ్డి వాసనొత్తంది!" అన్నాడు. నిజమే. నాకు అలవాటైన ఘాటు ఎక్కడా లేదు. లోపల పొడుగాటి నార, లేత బంగారం రంగులో, పెళ్లికూతురి జడలా దువ్వి చుట్టి ఉంది. గ్లౌజు చేత్తో పట్టుకున్నా చల్లగా ఉంది. నేనైతే కాసేపు ఏమీ రాయలేదు. దాన్ని అలా చూస్తూ కూర్చున్నాను.

ముందు అది ఏ నారో తేల్చాలి. గోగునారకి ఒక మందు వేస్తే గట్టి ఎరుపు వస్తుంది. దీనికి లేత గులాబీ రంగే వచ్చింది. అంటే గోగు కాదు. తర్వాత పాతకాలపు పరీక్ష ఒకటి చేశాను, పుస్తకంలో చదవడమే తప్ప ఎప్పుడూ చేసింది లేదు. ఒక్క పోగుని తడిపి, చివర పట్టుకుని, వేడి మీద ఆరబెడితే అది తనంతట తానే ఒక పక్కకి తిరుగుతుంది. అవిసె నార ఒక వైపు తిరుగుతుంది, ఈ జాతి నార రెండో వైపు. పట్టుకున్నాను. ముందు కదల్లేదు. తర్వాత మెల్లగా, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు తిరిగింది. ఎన్ని వేల సంచులు విప్పి ఉంటాను! ఆ మొక్క నా చేతిలో కదలడం అదే మొదలు.

"మేడమ్, బతికుందేటి ఇది?" అన్నాడు సింహాచలం.

"లేదురా, నీళ్లారుతున్నాయి, అంతే" అన్నాను. అన్నానే గానీ నాకూ అంతే అనిపించలేదు. ఇంకోసారి తడిపి చూశాను, పరీక్షకి అవసరం లేకపోయినా.

ఇక అసలు గండం. చట్టం ప్రకారం గంజాయి అంటే పూతా కాతా ఉన్న కొమ్మ చివళ్లు. కాండం కాదు, నార కాదు. విడిగా ఉన్న ఆకూ గింజా కూడా కాదు. పూత చివరలతో కలిసి ఉంటే మాత్రం ఆకుకీ గింజకీ తప్పించుకునే దారి లేదు. కాబట్టి ఆ బస్తాలన్నిట్లో పూత ముక్క ఒక్కటి కూడా లేదని మేం చూడాలి. తెల్ల గుడ్డ పరిచి, నారని పాయలు పాయలుగా విడదీసి దులిపాం. తల్లి పిల్ల తలలో పేలు చూసినట్టు చూశాడు సింహాచలం. రెండో బస్తా అడుగున ఒక ఆకుపచ్చ పలుకు దొరికింది.

పట్టకారుతో పైకి తీశాను.

దాంట్లో కాస్త తీసి రంగు పరీక్ష చేశాను. ఊదా రంగు వచ్చింది. మా వృత్తిలో ఆ రంగు వచ్చిందంటే గంజాయే. పెద్దాయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

"వచ్చిందిగా. ఇంకేం ఆలోచిస్తావ్? పాజిటివ్ అని రాసెయ్. మిగతాది కోర్టు చూసుకుంటుంది" అన్నాడు.

"ఈ రంగు ఆ జాతి మొక్క ఏదైనా ఇస్తుంది సార్. మత్తు ఉన్నా లేకపోయినా ఇస్తుంది. ఆకు ముక్కయినా ఇస్తుంది. ఇది పూతో ఆకో చూడనివ్వండి."

"రేపు పేపర్లో వస్తే?"

"మీరే చెప్పారు కదండీ, అడిగినదానికి జవాబు రాయమని. గంజాయా కాదా అని అడిగారు. ఆ జాతి మొక్కా కాదా అని అడగలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కోపం వచ్చినప్పుడూ అదే పని, నచ్చినప్పుడూ అదే పని. మిగిలిన పలుకుని మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆకు అంచే. ఈనె ఉంది, ఎలుగుబంటి గోరు నూగు ఉంది, పూతకి సంబంధించింది ఏదీ లేదు. ఆయన్నీ చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. మిగతా బస్తాలు కూడా తన ఎదుటే దులిపించాడు. ఇంకేమీ రాలలేదు.

నేను రాశాను. కాండం నుంచి తీసిన నార. పూత గానీ కాయ గానీ ఉన్న చివళ్లు లేవు. ఒక చిన్న ఆకు ముక్క ఉంది, రంగు పరీక్షకి ఊదా వచ్చింది. చట్టం దేన్ని గంజాయి అంటుందో అది ఇందులో లేదు. ఊదా రంగు సంగతి ఎందుకు దాచలేదంటారా? దాచిన రిపోర్టుని చిన్న లాయరు కూడా చింపేస్తాడు.

బస్తాలు మళ్లీ కుట్టి మా ల్యాబ్ ఎర్ర లక్క సీలు వేశాం. పెద్దాయన సంతకం పెట్టాడు. పెడుతూ, "కోర్టు పిలిస్తే నువ్వే వెళ్లాలి" అన్నాడు. వెళ్తానన్నాను.

జడ్జిగారు అడిగిన ప్రశ్న

పిలవనే పిలిచింది. బోనులో ఎర్రయ్యని మొదటిసారి చూశాను. పొట్టి మనిషి, సముద్రం ఎండకి మాడిన మొహం, జైల్లో గడ్డం పెరిగింది. వెనక బెంచీలో నూకరత్నం కూర్చుని ఉంది.

ప్రాసిక్యూటరు లేచాడు. "ఇది గంజాయి మొక్కనుంచి వచ్చిందా, లేదా? అవునో కాదో చెప్పండి."

"ఆ జాతి మొక్క కాండం నుంచి వచ్చిందండి. గంజాయి మాత్రం కాదు."

"ఊదా రంగు వచ్చిందని మీరే రాశారు."

"ఆకు ముక్కకి వచ్చిందండి. పూత లేని విడి ఆకుని చట్టం గంజాయి అనడం లేదు."

జడ్జిగారు పంచనామా ముందుకి లాక్కున్నారు. "ఇక్కడ గంజాయి నార అని రాశారు. అది తప్పంటున్నారు. మరి దీన్ని తెలుగులో ఏమంటారమ్మా?"

చెప్పబోయి ఆగిపోయాను. జనపనార అందామంటే అది గోనె సంచులది. జనుము అందామా, అది మన రైతులు పచ్చిరొట్టకి వేసే వేరే మొక్క. గోగు కాదని నేనే తేల్చాను. నిఘంటువులు వెతికితే ఈ మూడింటినీ కలగాపులగం చేసి పెడతాయి. ఇంగ్లీషు వాళ్లకి మత్తుకి ఒక మాట, నారకి ఇంకో మాట ఉన్నాయి. మనకి రెంటికీ కలిపి ఉన్నది గంజాయి ఒక్కటే. ఆ మాట వల్లే ఆ మనిషి బోనులో ఉన్నాడు.

"తెలుగులో దీనికి పేరు లేదండి" అన్నాను.

జడ్జిగారు కలం కింద పెట్టేశారు. "పేరు లేని వస్తువు కోసం ఒక మనిషిని ఇన్నాళ్లు లోపల ఉంచామా?" అన్నారు. ఎవరిని అడిగారో తెలియదు.

అప్పుడు బోనులోంచి ఎర్రయ్య గొంతు వినిపించింది. "తాడండి బాబూ. మా గుంట నూకరత్నం తాడు పేనతానంది. దానికింకేటి పేరండి?"

జనం నవ్వారు. జడ్జిగారూ నవ్వాపుకోలేకపోయారు. ఎర్రయ్య మాత్రం నవ్వలేదు, ఆయనకి కోపంగా ఉంది. ఆ కోపం న్యాయమైనదే. తర్వాత వాయిదాకి కేసు కొట్టేశారు, బస్తాలు తిరిగి ఇచ్చేయమన్నారు.

మెట్ల దగ్గర నూకరత్నం నన్ను ఆపింది. కేసు అయిపోయింది కాబట్టి ఈసారి ఆగాను. "ఆ రోజు గేటు కాడ ఎల్లిపోనారు మీరు. సేనా కోపమొచ్చిందండి నాకు. తిట్టుకున్నాను కూడా" అంది. "తిట్టుకో అమ్మా, తప్పేముంది" అన్నాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తిరగలేదని చెబితే అబద్ధం.

కొండ మీద చేను

నేను రిటైరయ్యాక, నూకరత్నం మళ్లీ నార కోసం ఆ లైసెన్సు రైతుల కొండ ఊరికి వెళ్తుంటే నేనూ బయల్దేరాను. మా ఆయన, "జీతం లేకపోయినా డ్యూటీకి వెళ్తోంది చూడు" అని వెక్కిరించాడు.

కొండ మలుపు తిరిగాం. ఎదురుగా చేను!

ఏమని చెప్పను? నా ఎత్తుకి రెండింతలు ఉంది. దగ్గర దగ్గరగా చల్లడంతో పక్కలకి పోకుండా సూటిగా పైకి లేచింది. గాలి వీచినప్పుడల్లా చేనంతా ఒక్కసారే ఒరిగి, ఒక్కసారే లేచింది. పురుగుమందు పెద్దగా అక్కర్లేదట, కలుపు దాని నీడకే చస్తుందట, విత్తి నాలుగు నెలలు తిరక్కుండా కోతకి వస్తుందట. మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. నార తాడుకీ గుడ్డకీ పోతుంది, లోపలి బెండుని సున్నంతో కలిపి గోడ ఇటుకలు చేస్తారు, గింజ తింటారు. పారేసేది ఏమీ లేదు. ఇంత చేసే మొక్కని నేను జన్మంతా నేరస్థుడిలా చూశానా అనుకుంటూ ఆ చేను గట్టున అలాగే నిలబడిపోయాను. చేతులు జోడించబోయి, నూకరత్నం చూస్తోందని మానుకున్నాను.

మధ్యాహ్నం ఆ ఇంటి ఇల్లాలు ఆ గింజలు వేయించి నూరిన పచ్చడి పెట్టింది. నేను కళ్లు తేలేశాను. "తినండి మేడమ్, నాను తిన్నాను, ఏటీ అవలేదు" అని నూకరత్నం ఒకటే నవ్వు. తిన్నాను. నువ్వుల పచ్చడికి దగ్గరగా, కమ్మగా ఉంది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

నా మాట

ఇప్పుడు మన దగ్గర కూడా ఈ పంటకి అనుమతివ్వాలా అని నన్ను అడుగుతున్నారు. ఇవ్వాలి అంటాను. అయితే గుడ్డిగా కాదు. మన ఏజెన్సీలో మత్తు గంజాయి వ్యాపారం ఎంతమంది బతుకుల్ని బుగ్గి చేసిందో నా సంచులకి తెలుసు. నార పంట ముసుగులో ఆ సరుకు పండించేవాళ్లు ఉంటారు, ఉండరనుకోవడం అమాయకత్వం. అందుకని విత్తనం ప్రభుత్వం చేతుల్లో ఉండాలి. పూత దశలో ప్రతి చేనూ పరీక్షించాలి. దానికి రంగు పరీక్ష చాలదు, మత్తు ఎంతుందో కొలిచే యంత్రం ఉండాలి, దాన్ని నడిపే మీలాంటి పిల్లలుండాలి. ఇవేవీ లేకుండా జీవో ఒక్కటీ ఇచ్చేస్తే మళ్లీ ఎర్రయ్యలే జైలుకి వెళ్తారు.

అన్నిటికంటే ముందు దానికి తెలుగులో ఒక పేరు పెట్టండి. ఆ పేరులో గంజాయి అన్న మాట ఉండకూడదు. నవ్వకండి, ఒక్క మాట ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను.

భీమిలి ఒడ్డు

మొన్నొక ఆదివారం నూకరత్నం ఫోన్ చేసింది. "మేడమ్, తాడయిపోయింది. బేగి రండి, మా అయ్య దాన్ని ఈయాల పరీచ్చ సేత్తాడంట" అంది. కోర్టు తిరిగిచ్చిన ఆ బస్తాల నారతోనే పేనింది. కోర్టు స్టోరు గదిలో పడి దుమ్ము కొట్టుకుపోయిన నారని ఉతికి, దువ్వి, పురి పెట్టడానికి ఇన్నాళ్లు పట్టింది.

వేట నుంచి పడవ వచ్చి అలల్లో ఊగుతోంది. దాన్ని ఇసుక మీదకి లాగాలి. పడవ ముక్కుకి ఈ తాడు కట్టి, రెండో కొస ఒడ్డున గుంజకి బిగించి ఎర్రయ్య అనుమానంగా చూస్తున్నాడు. "తెగిందంటే పడవ తిరగబడిపోద్దే" అన్నాడు కూతురితో. ఆ పడవే వాళ్ల ఆధారం. అల పడవని వెనక్కి లాక్కెళ్తున్నప్పుడు తాడు ఒక్కసారిగా బిగుసుకుంది, నీళ్లు చిమ్మింది, కిర్రుమంది. నూకరత్నం కళ్లు మూసుకుంది. తాడు తెగలేదు. తడిసేకొద్దీ ఈ నార గట్టిపడుతుంది, ఆ సంగతి పుస్తకంలో నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం, నేనూ ఊపిరి బిగబట్టే ఉన్నాను.

ఎర్రయ్య తాడుని చేత్తో తడిమాడు. ఇంకోసారి తడిమాడు. కూతురి వైపు చూసి, "ఇలగుంతాదని ముందే సెప్పొచ్చు గదే" అన్నాడు. ఆమె చెప్పని రోజు లేదని ఒడ్డున ఉన్నవాళ్లందరికీ తెలుసు.

అందరూ తాడు పట్టుకున్నారు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. పురి మధ్యలో ఏదో ఎర్రగా మెరిసింది. గోటితో తట్టాను. లక్క. మా ల్యాబ్ సీలు ముక్క, ఎంత ఉతికినా పోకుండా నారలో ఇరుక్కుని పురిలోకి వెళ్లిపోయింది. ముట్టుకుని అలాగే నిలబడిపోయాను. పట్టకారు లేకుండా, గ్లౌజులు లేకుండా ఆ మొక్కని పట్టుకోవడానికి నా చేయి ఇంకా వెనకాడుతోంది. పాత అలవాటు.

"ఏటలగ సూత్తన్నారు మేడమ్?" ఎర్రయ్య అరిచాడు. "గట్టిగా పట్టండి! గంజాయి కాదని మీరే గదేటి రాసినారు!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. నేను చెప్పులు విప్పి ఇసుకలో కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులతో తాడు పట్టుకుని లాగాను. పడవ కదిలింది.